కన్‌స్ట్రక్షన్ పనులకు ట్రక్కు ఎంచుకోవడం ఎలా: కాటా దగ్గర మొదలుపెట్టే పద్ధతి

నా మొదటి టిప్పర్‌ని తొట్టి చూసి కొన్నాను. 8 ఘనపు మీటర్లు పట్టే తొట్టి, 10 టన్నులు మోసే బండి. మొదట్లో పునాదుల నుంచి తవ్వి తీసిన పొడి మట్టే తోలాం. అంచుల దాకా నింపినా ఏ ఇబ్బందీ రాలేదు. వదులుగా ఉన్న పొడి మట్టి ఘనపు మీటరుకు 1,250 కిలోల దగ్గర తూగుతుంది కాబట్టి లెక్క 10 టన్నులకు సరిపోయింది. అందులో నా తెలివేం లేదు, అదృష్టం బాగుందంతే. తర్వాత ఒకసారి వాన వెలిసిన మర్నాడు ఇసుకకు పంపాను. లోడర్ నడిపే అతను అలవాటు ప్రకారం అంచుల దాకా పోశాడు. బాగా తడిసిన ఇసుక ఘనపు మీటరుకు దాదాపు 2 టన్నులు. కాటా మీదికి ఎక్కాక చూస్తే 6 టన్నులు ఎక్కువ. అప్పటికే వెనక కమాన్ (స్ప్రింగు) పట్టీ ఒకటి విరిగి ఉంది.

ఆ రోజు నుంచి ఎవరు ట్రక్కు గురించి అడిగినా ఒకటే చెబుతున్నాను. ఇంజిన్, కంపెనీ, రంగు, వాయిదాలు ఇవన్నీ తర్వాతి మాట. ముందు మీ లోడు ఏమిటో, ఎంత తూగుతుందో, అది వెళ్లే దారి ఎలాంటిదో కాగితం మీద పెట్టండి. ఆ కాగితం చూస్తే ఏ బండి కావాలో చాలావరకు దానంతట అదే తేలుతుంది.

1. రెండు వారాల చిట్టా రాయండి

కొత్త బండి ఆలోచన వచ్చిన రోజునే ఒక నోటుబుక్కు తెరవండి. ఇప్పుడు అద్దె బండ్లతో పని నడుస్తున్నా, సప్లయర్ల బండ్లే వస్తున్నా ఫరవాలేదు. కనీసం రెండు వారాలు, వీలైతే నెల రోజులు, సైటుకు వచ్చిన ప్రతి లోడూ, సైటు నుంచి పోయిన ప్రతి లోడూ రాయాలి. ఏం సరుకు, ఎన్ని టన్నులు, అందులో అన్నిటికన్నా పొడుగు వస్తువు ఎన్ని మీటర్లు, ఎంత దూరం, రోజుకు ఎన్ని ట్రిప్పులు, ఎవరు ఎక్కించారు, ఎలా దించారు. ఇంకొక గడి కూడా గీయండి: దారిలో అన్నిటికన్నా చెడ్డ చోటు ఏది?

ఈ ఆఖరి గడి ఎవరూ రాయరు. 30 కిలోమీటర్ల మంచి రోడ్డంతా హాయిగా వచ్చిన బండి సైటు గేటు ముందున్న 50 మీటర్ల బురదలో దిగబడుతుంది. పొద్దున్నుంచీ ఎదురు చూసిన కూలీల రోజు అక్కడే పోతుంది.

చిట్టా పూర్తయ్యాక నాలుగు రోజుల్లో మూడు రోజులు వచ్చే లోడు ఏదో చూడండి. బండి కొనాల్సింది దానికోసమే. నెలకొకసారి వచ్చే పెద్ద లోడుకు అద్దె బండి పిలిపించుకోండి. ఆ ఒక్క రోజును మనసులో పెట్టుకుని పెద్ద బండి కొంటే, మిగతా 29 రోజులూ సగం ఖాళీగా తిరుగుతూ డీజిల్ తాగుతుంది.

చిట్టా చూశాక తమకు టిప్పరే అక్కర్లేదని తెలుసుకున్న బిల్డింగ్ కాంట్రాక్టర్లు నాకు తెలుసు. ఇసుక, కంకర ఎలాగూ సప్లయర్ బండిలో వస్తాయి. వాళ్లు రోజూ తిప్పేది సెంట్రింగ్ ప్లేట్లు, జాకీలు, ఒక 20 బస్తాల సిమెంటు, వైబ్రేటర్, మిక్సర్ మోటారు. 50 కిలోల బస్తాలు 20 అంటే ఒక టన్ను. మొత్తం కలిపినా మూడు టన్నులు దాటదు. దానికి పక్క డాలాలు, అంటే పక్క తలుపులు, దిగే చిన్న ట్రక్కు చాలు. ప్లంబింగ్, ఎలక్ట్రికల్ పనులవాళ్లకు మూతబాడీ ఉన్న చిన్న బండి ఇంకా మేలు. సామాను తడవదు, పోదు. మట్టిపని, రోడ్డుపని చేసేవాళ్లకు మాత్రం టిప్పర్ లేనిదే రోజు గడవదు.

2. బండి నిజంగా మోయగల బరువు తేల్చండి

ఈ అడుగు దగ్గర ఎంతసేపు కూర్చున్నా తప్పులేదు. ఎక్కువమంది మోసపోయేదీ, తమను తాము మోసం చేసుకునేదీ ఇక్కడే.

ప్రతి ట్రక్కుకూ ఒక జీవీడబ్ల్యూ ఉంటుంది. గ్రాస్ వెహికల్ వెయిట్. అంటే బండి, బాడీ, డీజిల్, మనుషులు, సరుకు అన్నీ కలిపి దాటకూడని మొత్తం బరువు. దాన్ని చూసి 16 టన్నుల బండి 16 టన్నులు మోస్తుందనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఒక ఉదాహరణ లెక్క వేద్దాం.

జీవీడబ్ల్యూ 16,000 కిలోలు అనుకోండి. క్యాబిన్‌తో కలిపి వట్టి ఛాసీ 5,000. ఇనుప తొట్టి, హైడ్రాలిక్ జాకీ, సబ్‌ఫ్రేమ్ కలిపి 2,200. డ్రైవర్, హెల్పర్ 150. నిండు ట్యాంకు 200 లీటర్లు, లీటరు డీజిల్ 0.85 కిలోల లోపే ఉంటుంది కాబట్టి 170. స్టెప్నీ, పనిముట్ల పెట్టె, తాళ్లు, టార్పాలిన్ 180. ఇవన్నీ తీసేస్తే మిగిలేది 8,300 కిలోలు. అదీ మీ పేలోడ్. బ్రోచర్‌లో 11 టన్నులని కనిపించే అంకె చాలాసార్లు వట్టి ఛాసీ మీద వేసిన లెక్క. తప్పు రాశారని కాదు, మీ బాడీ ఎంత తూగుతుందో వాళ్లకు తెలియదు. బాడీ కట్టేవాళ్లు మందం రేకు వేస్తే ఎక్కువ కాలం వస్తుందంటారు. నిజమే. కాకపోతే అదనంగా వేసిన ప్రతి 100 కిలోల ఇనుమూ ప్రతి ట్రిప్పులో 100 కిలోల సరుకును తగ్గిస్తుంది, బండి బతికినన్నాళ్లూ.

తర్వాత సరుకు బరువు. ఈ అంకెలు ఫోన్‌లో పెట్టుకోండి. ఘనపు మీటరుకు సుమారు బరువులు ఇవి:

- వదులుగా ఉన్న పొడి మట్టి: 1.2 నుంచి 1.3 టన్నులు
- పొడి ఇసుక, కంకర: 1.5 నుంచి 1.6 టన్నులు
- బాగా తడిసిన ఇసుక: 1.9 నుంచి 2 టన్నులు
- తడి బంకమట్టి: 1.7 నుంచి 2 టన్నులు
- కాంక్రీటు: 2.4 టన్నులు
- స్టీలు: 7.85 టన్నులు
- నీళ్లు: 1 టన్ను

ఇనుప చువ్వలను తూచకుండానే బరువు కట్టే పాత సూత్రం మేస్త్రీలందరికీ తెలుసు. మిల్లీమీటర్లలో వ్యాసాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 16 ఎంఎం చువ్వ అయితే 256ను 162తో భాగించాలి, 1.58 కిలోలు. 12 మీటర్ల చువ్వ ఒక్కొక్కటి 19 కిలోలకు కొంచెం తక్కువ. అలాంటివి 100 చువ్వలంటే దాదాపు 1.9 టన్నులు. చూడ్డానికి చిన్న కట్టలా ఉంటుంది.

తొట్టి సైజు ఇప్పుడు చూడాలి. పైన చెప్పిన 8.3 టన్నుల బండికి పొడి ఇసుక 5.2 ఘనపు మీటర్లు దాటకూడదు. తడిసిన ఇసుక 4.15 చాలు. వదులు మట్టి అయితే 6.6 దాకా పోయొచ్చు. కాబట్టి ఎక్కువగా ఏం తోలుతారో దానికి తగ్గ తొట్టి కట్టించండి. అన్నిటికీ పనికొస్తుందని పెద్ద తొట్టి కట్టించారంటే, ఏదో ఒకరోజు దాన్ని అంచుల దాకా నింపేస్తారు. మీరు నింపకపోతే లోడర్ అతను నింపుతాడు.

3. మొత్తం బరువు సరిపోయినా ఇరుసు మునగొచ్చు

మొత్తం బరువు జీవీడబ్ల్యూ లోపలే ఉన్నా వెనక ఇరుసు మీద పరిమితి దాటిపోవడం మామూలే. ముందు ఇరుసుకు ఇంత, వెనక ఇరుసుకు ఇంత అని విడివిడిగా పరిమితులు ఉంటాయి. బండి మీద అతికించిన ప్లేటు మీదో, పత్రాల్లోనో అవి రాసి ఉంటాయి.

దీన్ని పిల్లల ఆటబల్లలా ఊహించుకోండి. వీల్‌బేస్, అంటే ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకు దూరం, 4 మీటర్లు. 8 టన్నుల లోడు నడిబరువు వెనక ఇరుసుకు అర మీటరు ముందు పడిందనుకోండి. ముందు ఇరుసు మీద పడేది 8 టన్నుల్లో ఎనిమిదో వంతు, ఒక టన్ను. వెనక 7 టన్నులు. అదే లోడును వెనక్కి జరిపి, నడిబరువు వెనక ఇరుసుకు అర మీటరు వెనక పడేలా పెడితే వెనక 9 టన్నులు పడుతుంది, ముందు ఇరుసు మీద ఉన్న బరువులోంచి ఒక టన్ను పైకి లేస్తుంది. స్టీరింగ్ గాల్లో తేలినట్టు తిరుగుతుంది. ఎక్కుడులో బ్రేకు వేసి చూస్తే గుండె జారుతుంది.

పొడుగు పైపులు, చువ్వలు వెనక్కి వేలాడేసే పనులు ఉంటే ఈ లెక్క తప్పకుండా వేయండి. క్యాబిన్ వెనక చిన్న క్రేన్ బిగించే ఆలోచన ఉన్నవాళ్లు మాత్రం దీన్ని తిరగేసి వేయాలి. క్రేన్ బరువంతా ముందు ఇరుసుకు దగ్గరగా పడుతుంది, అక్కడ సాధారణంగా మిగులు తక్కువ.

ఎక్కువ లోడు వేస్తే రోడ్డు పాడవుతుందని అనడం వట్టి మాట కాదు. 1958 నుంచి 1960 దాకా అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒటావా దగ్గర ఆషో (అక్కడి రాష్ట్రాల హైవే అధికారుల సంఘం) రోడ్డు పరీక్ష జరిపారు. కొలతలతో కట్టిన రోడ్ల మీద బరువు ట్రక్కులను అదేపనిగా తిప్పి చూశారు. ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే నష్టం దాదాపు 16 రెట్లు అవుతుందనే నాలుగో ఘాతం నియమం ఆ ఫలితాల నుంచి వచ్చింది. సైటుకు మీరే వేసుకున్న మట్టిదారి వారం తిరక్కుండా గుంతలు పడటానికీ ఇదే కారణం. ఇరుసుల సంఖ్య పెంచి బరువు పంచే పది టైర్ల బండి, అంతే సరుకును ఆరు టైర్ల బండిలో కుక్కడం కన్నా దారికీ బండికీ మంచిది.

4. బాడీ ఎంచుకోండి

బాడీ విషయంలో అడగాల్సిన ప్రశ్న ఒకటే: సరుకు దించేది ఎవరు? వదులు సరుకైతే తొట్టి లేస్తే చాలు. ప్యాలెట్ల మీద వచ్చే ఇటుకలు, బ్లాకులైతే క్రేనో ఫోర్క్‌లిఫ్టో కావాలి. బస్తాలైతే మనుషులు, వాళ్ల నడుములు. మనుషులు దించే బండికి ప్లాట్‌ఫామ్ ఎత్తు తక్కువ ఉండాలి, మూడు వైపులా డాలాలు దిగాలి. రోజుకు 200 బస్తాలు దించే చోట ప్లాట్‌ఫామ్ ఒక జానెడు తక్కువుంటే సాయంత్రానికి తేడా తెలుస్తుంది.

టిప్పర్‌లో వెనక్కి మాత్రమే ఒంపేది చవక, బరువూ తక్కువ. మూడు వైపులా ఒంపేది ఇరుకు సైట్లలో, రోడ్డు పక్కన కాలువ పూడ్చే పనుల్లో పనికొస్తుంది, కానీ దాని యంత్రాంగం బరువు పేలోడ్‌లోంచే పోతుంది. తొట్టి ఎంత కోణానికి లేస్తుందో అడగండి. పొడి ఇసుక 34 డిగ్రీల దగ్గర జారడం మొదలుపెడుతుంది, తడి బంకమట్టి 45కు లేచినా అంటుకుని కూర్చుంటుంది. అది ఒక్కసారిగా ఒక పక్కకు తెగి పడితే తొట్టి లేచి ఉన్న బండి పక్కకు పడిపోవచ్చు. బంకమట్టి తోలేవాళ్లు మూలలు గుండ్రంగా ఉన్న తొట్టి తీసుకోవాలి. ఎప్పుడైనా సరే, నేల చదునుగా లేని చోట తొట్టి లేపకూడదు. తొట్టి కిందికి దూరి పని చేయాల్సి వస్తే ఇనుప ఊతకడ్డీ పెట్టకుండా ఎవరినీ దూరనివ్వకండి. హైడ్రాలిక్‌ని నమ్మి చనిపోయినవాళ్లున్నారు. కొనేటప్పుడే ఆ కడ్డీ ఉందో లేదో చూడండి.

చువ్వలు సాధారణంగా 12 మీటర్ల పొడవుంటాయి. వాటికోసం 12 మీటర్ల బండి కొనే చిన్న కాంట్రాక్టర్ ఉండడు. మధ్యలో వంచి తేవడమో, అద్దె ట్రెయిలర్ పిలవడమో చేస్తారు.

ట్రాన్సిట్ మిక్సర్ సంగతి రెండు ముక్కల్లో: 6 ఘనపు మీటర్ల కాంక్రీటంటే 14.4 టన్నులు, డ్రమ్ము బరువు దానికి అదనం. రోజూ కాంక్రీటు అమ్మే వ్యాపారం అయితే తప్ప సొంతానికి వద్దు.

మనుషులను కూడా తీసుకెళ్లాలంటే డబుల్ క్యాబిన్ తీసుకోండి. ఐదుగురు అదనంగా ఎక్కితే 375 కిలోలు పేలోడ్‌లోంచి పోతాయని, క్యాబిన్ పొడుగైనంత మేరకు బాడీ పొట్టిదవుతుందని గుర్తుంచుకుంటే చాలు. సామాను మీద కూర్చోబెట్టి తీసుకెళ్లడం మాత్రం వద్దు. సడన్ బ్రేకు వేస్తే సెంట్రింగ్ ప్లేట్లు ఎవరినీ గుర్తుపట్టవు.

బండి వెనక ట్రెయిలర్ తగిలించి చిన్న ఎక్స్‌కవేటర్ తీసుకెళ్లే ఆలోచన ఉంటే ట్రక్కు జీవీడబ్ల్యూతో పాటు బండి, ట్రెయిలర్ రెండింటికీ కలిపి ఉన్న పరిమితి అడగండి. 3 టన్నుల మినీ ఎక్స్‌కవేటర్‌ని మోయాలంటే బకెట్లు, ట్రెయిలర్ కలిపి 4 టన్నుల దగ్గరికి వస్తుంది. నడుమ ఇరుసున్న ట్రెయిలర్ అయితే లోడుతో కలిపిన దాని బరువులో 10 నుంచి 15 శాతం కొక్కెం మీద పడేలా యంత్రాన్ని నిలపాలి. అంతకన్నా తక్కువ పడితే వెనక ట్రెయిలర్ పాములా ఊగుతుంది.

5. ఇంజిన్ కన్నా గేర్లు చూడండి

హార్స్‌పవర్ గురించి గొప్పలు చెప్పుకోవడం బాగానే ఉంటుంది కానీ, లోడుతో ఎత్తు ఎక్కించేది టార్క్ (ఇంజిన్ తిప్పే బలం), దాన్ని చక్రాల దాకా పెంచి పంపే గేర్లు. లెక్క చూడండి. 16 టన్నుల బండి 10 శాతం ఎక్కుడు, అంటే 100 మీటర్లకు 10 మీటర్ల ఎత్తు, ఎక్కాలంటే చక్రాల దగ్గర దాదాపు 1.6 టన్నుల లాగుడు కావాలి. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో ఎక్కడానికి 65 కిలోవాట్లు, అంటే 88 హార్స్‌పవర్. టైర్ల రాపిడి, గేర్లలో పోయేదీ కలిపినా 120 చుట్టుపక్కల ఉన్న ఇంజిన్ ఆ పని చేస్తుంది. నెమ్మదిగా, ఏడవకుండా. చేయలేకపోతే గేరు రేషియో హైవే కోసం పెట్టిందని అర్థం.

వెనక ఇరుసు హౌసింగ్‌లో చక్రాలను తిప్పే ఆఖరి గేర్ల జత, క్రౌన్, పినియన్ రేషియో పెద్దదైతే లాగుడు ఎక్కువ, పైవేగం తక్కువ, హైవే మీద డీజిల్ ఎక్కువ. చిన్నదైతే ఇందుకు వ్యతిరేకం. రెండూ ఒకే బండిలో రావు. మీ చిట్టాలో ట్రిప్పు దూరం 5 కిలోమీటర్ల లోపుంటే పెద్ద రేషియో, 60 కిలోమీటర్ల తారురోడ్డుంటే చిన్నది.

మెత్తటి నేల సంగతి ఇంకా విచిత్రం. గట్టి తారురోడ్డు మీద బండి దొర్లడానికి దాని బరువులో దాదాపు 1 శాతం లాగుడు చాలు. కొత్తగా పోసిన మెత్తటి మట్టిలో అది 10 శాతం దాకా, ఇంకా పైకి కూడా పోతుంది. అంటే చదునైన సైటులో మట్టి మీద నడవడమూ, తారురోడ్డు మీద 10 శాతం ఎక్కుడు ఎక్కడమూ ఇంజిన్‌కు ఒకటే. సైట్ల మీద తిరిగే బండ్ల క్లచ్ ప్లేట్లు తొందరగా ఎందుకు పోతాయో ఇప్పుడు అర్థమవుతుంది.

లాగే శక్తి ఉన్నా చక్రం నేలను పట్టుకోకపోతే దండగ. 4×2 అంటే నాలుగు చక్రాల స్థానాల్లో రెంటికి మాత్రమే శక్తి అందుతుంది. ఖాళీ 4×2 టిప్పర్ బురదలో నిస్సహాయంగా తిరగడానికి కారణం, లోడు లేనప్పుడు వెనక ఇరుసు మీద బరువు చాలకపోవడం. 6×4లో రెండు వెనక ఇరుసులూ లాగుతాయి. 4×4 నిజంగా కొండదారులకు, వానాకాలం మట్టిపనికి మాత్రమే. ఖరీదు, బరువు, మెయింటెనెన్స్ అన్నీ ఎక్కువ. వీటన్నిటికన్నా ముందు నేను అడిగేది డిఫరెన్షియల్ లాక్. ఒక చక్రం బురదలో ఉట్టిగా తిరుగుతుంటే రెండో చక్రానికి కూడా శక్తి అందేలా చేసే చిన్న మీట అది. నా అనుభవంలో బురదలోంచి బండిని బయటపడేసింది ఎక్కువసార్లు అదే. గట్టి రోడ్డెక్కగానే లాక్ తీసేయమని డ్రైవర్‌కు గట్టిగా చెప్పండి, లేకపోతే మలుపుల్లో హౌసింగ్ ఏడుస్తుంది.

6. దారిలో టేపు పట్టుకుని నడవండి

చిట్టాలో రాసిన చెడ్డ చోట్లకు ఒకసారి టేపుతో వెళ్లండి. గేటు వెడల్పు, సందు మలుపు, వంతెన మీద రాసిన బరువు పరిమితి. వీల్‌బేస్ పొడుగైన కొద్దీ బండి తిరగడానికి చోటు ఎక్కువ కావాలి. ఇరుకు సందుల్లో పని ఉన్నవాడికి అదే పేలోడ్ ఉన్న పొట్టి బండి వరం. తొట్టి పూర్తిగా లేచినప్పుడు ఎత్తు ఎంతో అడిగి, సైటు మీదుగా పోయే కరెంటు తీగల ఎత్తుతో పోల్చండి. తీగలకు తొట్టి తగిలే ప్రమాదాలు టిప్పర్ పనిలో అరుదేమీ కాదు. నేల కింద సంపులు, పాత ట్యాంకులు, కొత్తగా పోసిన స్లాబులు ఎక్కడున్నాయో కూడా గుర్తు పెట్టుకోండి. పైకి గట్టి నేలలాగే కనిపిస్తాయి.

7. టైర్లు, బ్రేకులు, తాళ్లు

టైరు పక్క గోడ మీద 146/143 లాంటి అంకెలు ఉంటాయి. 146 అంటే టైరు ఒక్కటే బిగించినప్పుడు 3,000 కిలోలు, 143 అంటే జంటగా బిగించినప్పుడు ఒక్కొక్కటి 2,725 కిలోలు మోయగలదని. వెనక నాలుగు టైర్లు కలిపి 10,900 కిలోలు. మీ వెనక ఇరుసు పరిమితి కన్నా టైర్ల మొత్తం తక్కువ ఉండకూడదు. సెకండ్ హ్యాండ్ బండ్లలో ఏదో దొరికిన టైరు వేసేసి ఉంటారు, తప్పకుండా చదవండి. గాలి ఎప్పుడూ టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి.

దిగుడులో లోడుతో వచ్చే బండికి కాలి బ్రేకు ఒక్కటే ఉంటే డ్రమ్ములు కాలిపోతాయి. పొగ బయటికి పోయే దారిని మూసి ఇంజిన్‌తోనే వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేకు ఉన్న బండి తీసుకోండి. వేగం రెట్టింపైతే ఆపాల్సిన శక్తి నాలుగు రెట్లు, లోడు రెట్టింపైతే రెండు రెట్లు.

లోడు కట్టడానికి కొక్కేలు ఎన్ని ఉన్నాయి, అవి ఛాసీకి బిగించినవా రేకుకు అతికించినవా చూడండి. గట్టి బ్రేకులో లోడు తన బరువులో 0.8 వంతు శక్తితో ముందుకు దూసుకొస్తుందని యూరప్ ప్రమాణాలు లెక్కవేస్తాయి. 2 టన్నుల పైపుల కట్ట అంటే 1.6 టన్నుల తోపుడు. క్యాబిన్ వెనకున్న ఇనుప గోడ అందుకు తట్టుకోవాలి. దాని అవతల డ్రైవర్ వీపు ఉంది.

8. ఇంధనం

డీజిల్ బండే ఇంకా చాలా సైట్లకు సరైనది. కొత్త బండ్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. అది శుభ్రపడాలంటే ఇంజిన్ బాగా వేడెక్కి కొంతసేపు నడవాలి. రోజంతా రెండు కిలోమీటర్ల ట్రిప్పులు తోలుతూ మిగతా సమయం ఇంజిన్ ఆన్ చేసి నిలబెడితే ఆ ఫిల్టర్ మూసుకుపోతుంది, డ్యాష్‌బోర్డులో లైటు వెలుగుతుంది, టెన్షన్ మొదలవుతుంది. చిన్న ట్రిప్పులే మీ పని అయితే బండి నిలబడి ఉండగానే ఆ ఫిల్టర్‌ని శుభ్రం చేసుకునే స్విచ్ ఉందా అని అమ్మేవాళ్లను అడగండి. పొగలోని విషవాయువులను తగ్గించే యాడ్‌బ్లూ ద్రవం పోసే బండ్లకు 32.5 శాతం యూరియా ఉన్నదే పోయాలి. నీళ్లు కలిపితే మిగిలేదేమీ ఉండదు, రిపేరు మాత్రం పెద్దది. మైనస్ 11 డిగ్రీల దగ్గర అది గడ్డకడుతుంది కాబట్టి చలిదేశాల్లో పనిచేసేవాళ్లు ట్యాంకుకు హీటర్ ఉందో చూసుకోవాలి.

ఎలక్ట్రిక్ ట్రక్కు రోజూ ఒకే దారిలో తిరిగి రాత్రి ఒకే చోటికి వచ్చే పనికి బాగుంటుంది. బ్యాటరీ బరువు పేలోడ్‌లోంచి పోతుంది, రెండో అడుగులోని లెక్క మళ్లీ వేయండి.

9. కొనాలా, అద్దెకా? కొత్తదా, పాతదా?

నెలకు బండి నిలబడి ఉన్నా అయ్యే ఖర్చు ముందు రాయండి: వాయిదా లేదా బండి విలువలో తరుగుదల, ఇన్సూరెన్స్, పన్ను, డ్రైవర్ జీతం. దాన్ని ఒక రోజు అద్దెతో భాగించండి. అయితే అద్దెలో డీజిల్, టైర్ల ఖర్చు కలిసి ఉంటే అది తీసేసి మిగిలినదానితో భాగించాలి. 14 వచ్చిందనుకోండి, నెలకు 14 రోజుల కన్నా తక్కువ పని ఉంటే అద్దెబండే లాభం. 20 రోజులు పక్కాగా ఉంటే కొనండి. 14, 15 దగ్గర ఊగిసలాడుతుంటే నేనైతే ఆరు నెలలు ఆగుతాను. పని ఎప్పుడూ ఊహించినదాని కన్నా తక్కువే ఉంటుంది.

పాత బండి చూడటానికి పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉండగా వెళ్లండి. మీరు వెళ్లేసరికి వేడిగా ఉంటే ఎవరో దాచాలని చూస్తున్నట్టు. స్టార్ట్ చేశాక పొగ చూడండి. నీలి పొగ అంటే ఇంజిన్ ఆయిల్ కాలుతోంది, ఆగని తెల్ల పొగ అంటే కూలెంట్ లోపలికి పోతోంది లేదా డీజిల్ సరిగా మండడం లేదు, నల్ల పొగ అంటే డీజిల్ ఎక్కువ లేదా గాలి తక్కువ. ఆయిల్ మూత తీసి చూడండి, లోపల తెల్లటి మీగడలాంటిది ఉంటే వద్దని చెప్పి వచ్చేయండి.

తర్వాత బండి కిందికి దూరండి. ఛాసీ రెండు పట్టాల మీద వెల్డింగ్ మరకలు, పగుళ్లు, కమాన్లు తగిలించే బ్రాకెట్ల దగ్గర కొత్తగా పూసిన పెయింటు ఉన్నాయేమో చూడండి. పాత బండికి ఒక్కచోట మాత్రమే కొత్త పెయింటు ఉంటే దాని కింద ఏదో కథ ఉంటుంది. ఖాళీ తొట్టిని సగం లేపి పది నిమిషాలు వదిలేయండి. దానంతట అది దిగుతుంటే జాకీ సీల్సో వాల్వో పోయినట్టే. ముందు చక్రాలను ఎత్తించి పైనా కిందా పట్టి ఊపండి, కింగ్‌పిన్ (ముందు చక్రం పక్కకు తిరిగే ఇనుప పిన్ను), బేరింగ్ ఎంత వదులయ్యాయో తెలుస్తుంది. ఛాసీ మీద కొట్టిన 17 అక్షరాల నంబరు పత్రాల్లోదానితో ఒక్కొక్క అక్షరం సరిపోల్చండి. అమ్మేవాడు కాగితం చదివి వినిపిస్తానంటే వద్దనండి, మీరే చదవండి.

కొత్తదైనా పాతదైనా, మీరు మామూలుగా బండి బాగుచేయించే మెకానిక్‌ని ముందే అడగండి: ఈ మోడల్ క్లచ్ ప్లేటు, సెల్ఫ్ మోటారు, ఫిల్టర్లు దగ్గర్లో దొరుకుతాయా? మంచి బండి అయినా స్పేర్ పార్టు కోసం పది రోజులు ఆగితే, ఆ పది రోజులూ సైటు కూడా ఆగుతుంది.

10. డబ్బు కట్టే ముందు లోడు వేసి చూడండి

ఖాళీ బండి టెస్ట్ డ్రైవ్ దేనికీ పనికిరాదు. మీ సరుకే, మీ దారిలోనే, మీ డ్రైవర్ చేతే నడిపించండి. ఆ చెడ్డ చోటుకు తీసుకెళ్లండి. అద్దాల్లో వెనక చక్రాలు కనిపిస్తున్నాయా, రివర్స్‌లో వెనక నిలబడ్డ మనిషి కనిపిస్తాడా, క్యాబిన్‌లో ఎనిమిది గంటలు కూర్చోగలడా, ఇవన్నీ డ్రైవర్‌నే అడగండి. వాడు చెప్పే చిన్న ఫిర్యాదులు రాసుకోండి. వాడే దాన్ని రోజూ నడపాలి.

అక్కడి నుంచి తిన్నగా కాటాకు. మూడు చీటీలు కావాలి: ఖాళీ బండి, లోడు బండి, ముందు చక్రాలు మాత్రమే కాటా మీద పెట్టిన లోడు బండి. రెండో దాంట్లోంచి మొదటిది తీసేస్తే మీ సరుకు, మూడోది తీసేస్తే వెనక ఇరుసు. ఈ అంకెలు ప్లేటు మీదున్న పరిమితుల లోపల ఉంటేనే సంతకం పెట్టండి.

టిప్పర్ కొన్నవాళ్లు ఇంకొక పని చేయాలి, నేను ఆలస్యంగా నేర్చుకున్నది. తొట్టి లోపలి గోడల మీద పెయింటుతో మూడు గీతలు గీయించండి. అడుగు 4 మీటర్ల పొడవు, 2.2 మీటర్ల వెడల్పు ఉన్న తొట్టికి, 8.3 టన్నుల పేలోడ్‌కు, వదులు మట్టి గీత అడుగు నుంచి 75 సెంటీమీటర్ల దగ్గర, పొడి ఇసుక, కంకర గీత 59 దగ్గర, తడి ఇసుక గీత 47 దగ్గర వస్తాయి. మట్టికి పసుపు, పొడి ఇసుకకు తెలుపు, తడి ఇసుకకు ఎరుపు అని మా లోడర్ అతనికి చెప్పాను. వాన పడిన మర్నాడు ఇప్పుడు అతనే అడుగుతాడు, ఈ రోజు ఎర్ర గీతేనా అని.